బరువు తగ్గించే ఆపరేషన్ – మా ఇంటి అనుభవం

(సంఘ వార్షిక కుటుంబ సమ్మేళనంలో ఒక సభ్య కుటుంబపు దంపతులు చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వెనుకాడిన మాట నిజం. మన సంఘంలోనే డాక్టర్లున్నారు, వాళ్ళుండగా గుంటూరులో కిరాణా కొట్టు పెట్టుకుని బతికే మేమేం చెబుతామండీ అన్నాము. తర్వాత ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటే, డాక్టర్లు చెప్పవలసింది డాక్టర్లు చెబుతారు, రోగి ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఆ ఇంటివాళ్ళే చెప్పాలి గదా అనిపించింది. పైగా మేము మీ అందరికీ ఒక నిజం బాకీ ఉన్నాము.

2022 ఫిబ్రవరిలో మా ఇంటి ఇల్లాలు రెండు వారాలు కనిపించకపోతే మీలో చాలామంది ఫోన్లు చేశారు, దువా చేశారు. పిత్తాశయంలో రాళ్ళకు హైదరాబాదులో ఆపరేషన్ అయిందని మేము అందరికీ చెప్పాము. అది అబద్ధం. అయినది బరువు తగ్గించే ఆపరేషన్. ఆ అబద్ధం వల్ల నాలుగు నెలల తర్వాత ప్రాణం మీదికే వచ్చింది. ఆ సంగతి దాని చోట చెబుతాము. ఇక్కడ మేము అంటే భార్యాభర్తలిద్దరమూ అని మనవి. ఒకరు చదువుతున్నారు, ఒకరు పక్కన నిలబడి తప్పులు దిద్దుతున్నారు.

ఎందుకు దాచామంటే, మనుషుల నోళ్ళకు భయపడి. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందట అంటారని భయం. అప్పటికి అమ్మాయికి సంబంధాలు వస్తున్నాయి, తల్లికి ఏదో జబ్బంటారని ఇంకో భయం. స్థూలకాయాన్ని మనం జబ్బుగా చూడము, బద్ధకంగా చూస్తాము. మేమూ అట్లాగే చూశాము. ఇరవై ఏళ్ళపాటు ఇంటాయన ఇల్లాలిని "కాస్త తగ్గించుకోరాదా" అంటూనే ఉన్నాడు, రాత్రి కొట్టు కట్టేసి వస్తూ జిలేబీ తెస్తూనే ఉన్నాడు.

అప్పటి స్థితి చెబుతాము. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. తొమ్మిదేళ్ళుగా షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. బీపీ. మోకాళ్ళు వంగక నమాజు కుర్చీలో. రాత్రి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. పథ్యాలు చేయలేదా అంటే, చేయనిది లేదు. ఉలవచారు, తేనె నీళ్ళు, ఒంటిపూట భోజనం అన్నీ అయ్యాయి. ఒకసారి ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గి, ఏడాదిలో పన్నెండు పెరిగింది. ఇది పట్టుదల లేక కాదని తర్వాత డాక్టరుగారు వివరించారు. బరువు బాగా పెరిగిన శరీరం ఆ బరువునే తన సొంత బరువుగా పట్టుకుంటుందట. తగ్గించబోతే ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. కడుపు పైభాగంలో గ్రెలిన్ అనే ఆకలి హార్మోను తయారవుతుంది, పథ్యం చేసేవాళ్ళలో అది మరింత పెరుగుతుంది. ఇది విన్న రోజున ఇల్లాలు బస్సులో ఏడ్చింది. ఇన్నాళ్ళూ తన తప్పే అనుకుంది గదా.

ఈ ఆపరేషన్ ఎవరికి అన్నది ఒక లెక్క ప్రకారం చూస్తారు. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు గుణించి, దానితో భాగించాలి. మా లెక్క 48 దాటింది. 1991లో అమెరికాలో పెట్టిన నియమం ప్రకారం 40 పైన, లేదా జబ్బులుంటే 35 పైన ఉన్నవారికే. 2022లో ఈ శస్త్రవైద్యుల అంతర్జాతీయ సంఘాలు దానిని సవరించి, 35 దాటితే జబ్బులున్నా లేకున్నా, షుగరు వంటివి ఉంటే 30 నుంచే ఆలోచించవచ్చన్నారు. మన ఆసియా వాళ్ళకు కొవ్వు పొట్ట చుట్టూ తొందరగా చేరుతుంది కనుక 27.5 నుంచే ఆలోచించవచ్చని కూడా చెప్పారు. అందాక వచ్చినవారందరూ కోయించుకోవాలని కాదు. ముందు ఆహారం, నడక, మందులు. మౌంజారో వంటి ఇంజెక్షన్లు 2025 మార్చి నుంచి మన దేశంలోకి వచ్చాయి, కొందరికి బాగా పనిచేస్తున్నాయి, అదీ డాక్టరు చూసుకోవలసిన మాట.

ఇక ఆపరేషన్ రకాలు. ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి స్లీవ్. కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటిపండు ఆకారంలో సన్నని సంచిగా ఉంచుతారు. గ్రెలిన్ తయారయ్యే భాగం చాలావరకు పోతుంది కనుక ఆకలి కూడా తగ్గుతుంది. రెండోది బైపాస్. కడుపు పైభాగాన చిన్న తిత్తి చేసి, దానిని కింది చిన్నపేగుకు కలుపుతారు. బైపాస్ పద్ధతికి 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను నాంది పలికాడు. అప్పట్లో పొట్ట నిలువునా కోసేవారు, ఇప్పుడు నాలుగైదు చిన్న రంధ్రాలతో సరిపోతున్నది. మా ఇంట్లో అయినది స్లీవ్.

ఫలితం మీద మేము అడిగిన ప్రశ్నకు డాక్టరుగారు రెండు లెక్కలు చెప్పారు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి గమనించారు. ఆపరేషన్ అయినవాళ్ళలో మరణాలు దాదాపు 29 శాతం తక్కువని 2007లో ప్రకటించారు. రెండోది షుగరు సంగతి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వారు 150 మంది షుగరు రోగులతో చేసిన పరిశోధనలో, అయిదేళ్ళ తర్వాత మూడు నెలల సగటు షుగరు 6 శాతం లోపున నిలిచినవారు బైపాస్‌లో నూటికి 29 మంది, స్లీవ్‌లో 23 మంది, మందులు మాత్రమే వాడినవారిలో 5 మంది. ఇవి 2017లో వచ్చిన ఫలితాలు. ఈ అంకె విని ఇంటాయన, "నూటికి 23 మందేనా?" అన్నాడు. "మందులతో అయిదుగురే గదా" అన్నారు డాక్టరుగారు. అద్భుతం జరుగుతుందని ఆయన మాకు ఎన్నడూ చెప్పలేదు. అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

మేము వెళ్ళిన వారంలోనే కోసేస్తారనుకున్నాము. ఆరు నెలలు తిప్పారు. అప్పట్లో విసుక్కున్నాము. మూడు నెలల సగటు షుగరు 10 పైన ఉంది, అది 8కి దిగాలన్నారు. గుండె పరీక్ష, థైరాయిడ్, పొట్ట స్కానింగు, ఎండోస్కోపీ అయ్యాయి. ఎండోస్కోపీలో కడుపు పుండ్లకు కారణమయ్యే సూక్ష్మజీవి కనిపిస్తే రెండు వారాలు మందు వాడించారు. డి విటమిను బాగా తక్కువ, ఇనుము తక్కువ. లావుగా ఉన్నవాళ్ళకు పోషకాలు తక్కువేమిటని మీకు అనిపించవచ్చు, మాకూ అనిపించింది. కాని అది చాలా మామూలట. ఆపరేషన్ తర్వాత ఇంకా తగ్గుతాయి కనుక ముందే నింపుకోవాలి. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి నిద్ర పరీక్ష చేశారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తీవ్రంగా ఉందని, గాలి తోసే యంత్రం ముక్కుకు పెట్టుకుని పడుకోమన్నారు. నెల తిరక్కముందే పగటి నిద్ర పోయింది. ఆ యంత్రం లేకుండా మత్తు ఇవ్వడం ప్రమాదమట.

మనస్తత్వ నిపుణురాలి దగ్గరికీ పంపారు. పిచ్చివాళ్ళ డాక్టరు దగ్గరికి మమ్మల్నెందుకని గొణిగాము. ఆవిడ ఎక్కువేమీ అడగలేదు. "రాత్రి చివరగా తినేది ఎవరు? గిన్నెల్లో మిగిలింది ఏం చేస్తారు?" అని అడిగింది. అంతే, ఇల్లాలికి మాట రాలేదు. మన ఇళ్ళలో అన్నం పారేయడం గునాహ్ అంటాము, మంచిదే. కాని ఆ గునాహ్ నుంచి ఇంటిల్లిపాదినీ కాపాడే బాధ్యత తల్లి కడుపు మీద పెట్టాము. పిల్లలు వదిలిన అన్నం, అడుగున మిగిలిన దాల్చా, చల్లారిన పరోటా అన్నీ ఆమె తింటుంది, ఆకలితో కాదు, పారేయలేక. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొలత పెట్టి వండుతున్నాము. మిగిలితే ఫ్రిజ్‌లో పెడతాము, లేదా కొట్టు దగ్గర కుర్రాడికి పెడతాము. ఈ ఒక్క మార్పుతోనే, ఏ పథ్యమూ మొదలుపెట్టకముందే, మూడు కిలోలు తగ్గింది.

పొగ తాగేవారు ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందే మానాలన్నారు. ఇల్లాలికి ఆ అలవాటు లేదు గదా అని ఇంటాయన తేలిగ్గా నవ్వాడు. మా అమ్మాయి, "అమ్మ అన్నం మానుతుంటే మీరు సిగరెట్టు మానలేరా అబ్బా?" అంది. మానాడు. పూర్తిగా మానడానికి మూడు ప్రయత్నాలు పట్టాయని పక్కనుంచి దిద్దుతున్నారు, అదీ నిజమే.

ఊపిరితిత్తుల కోసం మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు, గాలి పీలిస్తే బంతులు లేవాలి. గంటకు పదిసార్లు. అంతకన్నా కష్టమైనది తినడం నేర్చుకోవడం. ముద్దను ఇరవై ముప్పై సార్లు నమలాలి. అరగంటసేపు తినాలి. భోజనంతో నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంట తర్వాతే తాగాలి. దీనిని ఆపరేషన్ అయ్యాక నేర్చుకుందాం అనుకోకండి, అప్పుడు నేర్చుకోవడానికి ఓపిక ఉండదు. మేము రెండు నెలల ముందు నుంచీ అందరం కలిసి చేశాము. ఇంటాయన తల్లిగారిని అందరమూ అమ్మీ అంటాము, 74 ఏళ్ళు. ఆమె మొదట, "గడియారం చూసుకుంటూ తినే ఇల్లు నేనెక్కడా చూడలేదు" అని ఎగతాళి చేసింది. కొద్ది రోజులకు తన గ్యాసు తగ్గిందని ఆమే అందరికన్నా నెమ్మదిగా తినసాగింది.

చివరి రెండు వారాల పథ్యం మాత్రం నిజంగా పరీక్షే. రోజుకు వెయ్యి కేలరీల లోపే. గుడ్డు తెల్లసొన, నూనె లేని ఉడికించిన కోడిమాంసం, పెరుగు, ఆకుకూర, సూపు. అన్నం, రొట్టె దాదాపు లేవు. ఇది బరువు తగ్గడానికి కాదు, కాలేయం కుంచించుకోవడానికి. కొవ్వు పట్టిన కాలేయం కడుపు మీద కప్పుకుని ఉంటుంది, పరికరాలకు దారి ఇవ్వదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పథ్యంలో ఇన్సులిన్ పాత మోతాదులోనే తీసుకుంటే షుగరు పడిపోతుంది, డాక్టరు తగ్గించి రాస్తారు, అడగండి. ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికి ఇల్లాలు 111 కిలోలు.

డబ్బు మాట. బీమా పాలసీల్లో స్థూలకాయ చికిత్సను మినహాయించే షరతు ఉంటుంది. లెక్క 40 దాటినా, లేదా 35 దాటి అదుపులేని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన నిద్ర జబ్బు వంటివి ఉండి ఇతర మార్గాలు ఫలించకపోయినా, డాక్టరు సలహా ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. కాని వేచి ఉండవలసిన కాలం వేరే ఉంటుంది. మేము పాలసీ తీసుకుని ఏడాది కాలేదు, రూపాయి రాలేదు. నగలు బ్యాంకులో పెట్టాము. కాగితం ముందు చదువుకుని ఉంటే బాగుండేది.

ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది. సాయంత్రమే లేపి నడిపించారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా అది ముఖ్యమట. నాలుగో రోజు పంపించినా గుంటూరు రాకుండా ఆసుపత్రి దగ్గరే లాడ్జిలో వారం ఉన్నాము. జ్వరం, నాడి 120 దాటడం, ఎడమ భుజం దాకా పాకే కడుపునొప్పి, ఆయాసం, పిక్క వాయడం, వీటిలో ఏది కనిపించినా గంటలో రావాలని కాగితం మీద రాసిచ్చారు. కుట్టిన చోట లీకయితే అట్లా తెలుస్తుందట. మాకు ఏమీ కాలేదు, అల్‌హందులిల్లాహ్.

మొదట పలుచని ద్రవాలు. దగ్గుమందు సీసా మీద వచ్చే చిన్న గ్లాసు ఉంటుంది చూడండి, దానితో 30 మిల్లీలీటర్లు, పదిహేను నిమిషాలకొకసారి. గుటకలు వేయరాదు, చప్పరించాలి. అమ్మీ కోడి యఖ్నీ కాచి పలుచని గుడ్డలో వడగట్టి ఇచ్చేది. రెండు వారాల తర్వాత మజ్జిగ, పాలలో కలిపిన ప్రొటీను పొడి, పలుచని పప్పు. నెలకు మెత్తగా చేసినవి. ఆరు వారాలు దాటాక గుడ్డు, చేప, మెత్తని ఖీమా. రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు, లీటరున్నర నీళ్ళు అన్నది లెక్క. చిన్న కడుపులో ఇవి రెండూ పట్టించడం రోజంతా పని. అందుకే ముందు మాంసకృత్తి, తర్వాత కూర, ఆఖరున చోటుంటే అన్నం. చాలా రోజులు చోటుండదు.

మాత్రలు జీవితాంతం. మల్టీవిటమిను, బి12, డి విటమినుతో కాల్షియం, ఇనుము. కాల్షియం, ఇనుము కలిపి వేసుకోకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. క్యాప్సూల్ పైపొరలో జెలటిన్ ఉంటుందేమోనని సందేహం ఉన్నవారు అడిగితే నమిలే మాత్రలు, శాకాహార క్యాప్సూళ్ళు దొరుకుతాయి. అది సాకుగా మానవద్దు.

మా ఇల్లాలు మానింది. సాకు వేరు, వికారంగా ఉందని.

ఆ జూన్‌లో దగ్గరి బంధువుల ఇంట వలీమా. ఆపరేషన్ అయి నాలుగు నెలలు. ప్రేమ కొద్దీ ఒక పెద్దావిడ ప్లేటులో మటన్ బిర్యానీ వేసి, "ఏం బేటీ, మా ఇంటి అన్నం సహించదా?" అంది. నిజం చెప్పి ఉంటే ఆవిడే తీసేసేది. చెప్పలేదు. మొహమాటానికి గబగబా తినేసి, పెరట్లోకి వెళ్ళి కక్కుకుంది. ఆ తర్వాత ఏం తిన్నా నిలవడం లేదు. ఇంటాయనకు చెప్పలేదు, మాత్రలు మానిన సంగతి బయటపడుతుందని. ఇంటాయన పొద్దున వెళ్ళి రాత్రి వస్తాడు, బరువు వేగంగా తగ్గుతున్నదని సంతోషించాడు! దాదాపు మూడు వారాలు ఇట్లా గడిచాయి. ఒక ఉదయం గోడ పట్టుకుని నడుస్తూ, మనుషులు ఇద్దరిద్దరుగా కనపడుతున్నారని, కాళ్ళు తిమ్మిరని చెప్పింది.

దగ్గరలోని నర్సింగ్ హోముకు తీసుకుపోయాము. ఇదివరకు ఏ ఆపరేషన్ అయిందని అక్కడి డాక్టరు అడిగారు. పక్కనే బంధువులున్నారు. పిత్తాశయం రాళ్ళకు, అని ఇంటాయన చెప్పాడు. వాంతులతో నీరసించింది గదా అని వాళ్ళు గ్లూకోజు ఎక్కించారు. ఆయన తప్పు లేదు, మేము చెప్పినదాన్ని బట్టి చేశారు. సాయంత్రానికి మాట తడబడింది. అమ్మాయిని చూసి నువ్వెవరన్నది.

అమ్మాయే డాక్టరు దగ్గరికి పరుగెత్తి, బంధువులందరి ముందూ, "మా అమ్మకు స్లీవ్ ఆపరేషన్ అయింది, వీళ్ళు దాస్తున్నారు" అని చెప్పేసింది. ఆయన ఒక్క క్షణం ఆగలేదు, బి1 విటమిను ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. దానినే థయమిన్ అంటారు. మన శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిండి నిలవనివారికి అది అడుగంటుతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలినదీ ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. మూడో రోజుకు చూపు సరయింది, మాట తిరిగి వచ్చింది. కాళ్ళ తిమ్మిరి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత హైదరాబాదులో చూస్తే స్లీవ్ మధ్యలో ఇరుకు ఏర్పడి ఉంది, ఎండోస్కోపీతోనే బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. వాంతులకు అసలు కారణం అదీ. రెండో రోజే ఫోను చేసి ఉంటే అరగంట పనితో పోయేది.

ఇప్పుడు ఇల్లాలి పర్సులో ఒక అట్ట ఉంటుంది. ఏ ఆపరేషన్, ఏ తేదీ, ఎవరికి ఫోను చేయాలి, వాంతులుంటే గ్లూకోజుకు ముందు థయమిన్ ఇవ్వవలసిందని దాని మీద రాయించాము. కొట్టులో ఒకటి, అమ్మీ మంచం దగ్గర ఒకటి.

ఆ దెబ్బ తర్వాతే మేము నడక సంగతి గట్టిగా పట్టుకున్నాము. అంతవరకు కత్తే అంతా చేస్తుందనుకున్నాము. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కండ పోతే నీరసం, తర్వాత బరువు తిరిగి రావడం సులభం. కండ నిలవాలంటే ఒకటి మాంసకృత్తులు, రెండోది కండకు పని. మొదట పది నిమిషాల నడక, ఇంట్లోనే. తర్వాత ఫజర్ అయ్యాక మున్సిపల్ హైస్కూలు మైదానంలో అరగంట. వారానికి అయిదు రోజులు, అంటే 150 నిమిషాలు. బరువు నిలబెట్టుకోవాలంటే ఇంకా పెంచాలంటారు. బురఖా కింద బూట్లు చూసి కుర్రాళ్ళు నవ్వారు, వారం నవ్వారు, తర్వాత వాళ్ళే దారి ఇచ్చారు. ఇప్పుడు ఆ మైదానంలో మన ఆడవాళ్ళే ఎనిమిది మంది నడుస్తున్నారు, వారిలో ఆపరేషన్ అయినది ఒక్కరికే.

వారానికి మూడు రోజులు కండ పని. జిమ్ములేమీ లేవు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడను తోయడం పదిసార్లు, లీటరు సీసాల్లో నీళ్ళు నింపి ఎత్తడం. ఆపరేషన్ అయిన మొదటి ఆరు వారాలు మాత్రం బరువులు ఎత్తకూడదు, బియ్యం బస్తా సంగతి అసలే మరచిపోవాలి. మొదటిసారి కుర్చీలోంచి రెండుసార్లే లేవగలిగింది. ఇప్పుడు పదిహేనుసార్లు ఆగకుండా లేస్తున్నది. 2023 జనవరిలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా కుర్చీ పక్కకు జరిపి నేల మీద సజ్దా చేసింది. ఆరేళ్ళ తర్వాత అది మొదటిసారి.

రంజాన్ గురించి చాలామంది అడుగుతారు. మొదటి ఏడాది, ఏడాదిన్నర ఉపవాసాలు వద్దనే ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. కొంచెం కొంచెంగా రోజంతా తాగితేనే నీళ్ళు సరిపోయే కడుపు, సాయంత్రం దాకా ఎండి ఒక్కసారిగా పట్టించుకోలేదు. 2022 రంజాన్ ఏప్రిల్‌లో వచ్చింది, ఆపరేషన్ అయి రెండు నెలలే. ఉండలేదు. వంటింట్లో తలుపేసుకుని నీళ్ళు తాగుతూ ఏడ్చింది. రోగికి మినహాయింపు ఉన్నదే ఇందుకు గదా అని ఇమాంసాబ్ ధైర్యం చెప్పారు. 2023లో డాక్టరును అడిగి, రోజు విడిచి రోజు పది ఉపవాసాలు ఉండి చూసింది. 2024లో ఇంకా ఎక్కువ ఉండగలిగింది. ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం, నీళ్ళు, కాసేపటికి సూపు, తరావీహ్ తర్వాత గుడ్డో చేపో. హలీం రెండు చెంచాలు. షర్బత్తులు లేవు. బైపాస్ అయినవారు తీపి తాగితే చెమటలు, గుండెదడ, విరేచనాలు వస్తాయి, వాళ్ళు ఇంకా జాగ్రత్త.

చిన్న వయసు ఆడవాళ్ళకు ఒక మాట. బరువు తగ్గేసరికి ఆగిపోయిన నెలసరి సరై గర్భం త్వరగా రావచ్చు, కాని ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు ఆగాలి. మాత్రలు నమ్ముకోకుండా ఏ పద్ధతి మంచిదో డాక్టరును అడగండి. ఇంకొకటి, మోకాళ్ళ నొప్పులకు కొట్టులో అడిగి వేసుకునే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు వద్దు, ముఖ్యంగా బైపాస్ వారికి పుండ్లు పడతాయి. అయిదో నెలలో జుట్టు రాలుతుంది, భయపడవద్దు, తిరిగి వస్తుంది.

మా లెక్క దాచము. 118 నుంచి ఏడాదిన్నరకు 83కి దిగింది. ఇప్పుడు 87. నాలుగు కిలోలు ఎట్లా పెరిగాయో కూడా తెలుసు. చాయ్‌లో ముంచుకున్న బిస్కెట్టు, కొట్టులో కూర్చుని నమిలే మిక్స్చరు. ఇవి చిన్న కడుపులోంచి కూడా సులభంగా జారిపోతాయి, అడ్డు చెప్పవు. మొన్న సిగ్గు విడిచి మళ్ళీ పోషకాహార నిపుణురాలి దగ్గరికి వెళ్ళాము. ఇన్సులిన్ పోయింది, ఒక మాత్ర మిగిలింది. ఊపిరి యంత్రం మళ్ళీ పరీక్ష చేయించాకే పక్కన పెట్టాము. పొట్ట చర్మం వేలాడుతున్నది, అది ఉంటుంది. సినిమా తారలా అవుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళకు మా ఇల్లాలిని చూపిస్తాము.

ఇందాక చెప్పిన అమ్మాయికి 2023లోనే సంబంధం కుదిరింది. వియ్యాలవారికి ముందే అన్నీ చెప్పాము. వాళ్ళు అడిగింది ఒకటే, ఆ డాక్టరు ఫోను నంబరు.

కాసేపట్లో భోజనాలు ఉన్నాయి. బగారా అన్నం, దాల్చా వాసన ఇప్పటికే ఇక్కడిదాకా వస్తున్నది. ఇల్లాలు తన స్టీలు గిన్నె ఇంటినుంచి తెచ్చుకుంది, అందులో పట్టినంతే తింటుంది, అరగంట తింటుంది. దయచేసి పక్కన కూర్చునేవారు ఇంకొక గరిటె వేయవద్దు. నడక గురించో, ఆపరేషన్ గురించో ఏదైనా అడగదలచినవారు ఆ అరగంటలోనే అడగండి, నమలడం మధ్యలో ఆమెకు చాలా తీరిక ఉంటుంది. అందరికీ మా సలాం.